చేరానమ్మా

ఫిబ్రవరి 9, సోమవారం

ఆఫీసుకి వెళ్ళాను. మామూలుగా ఉండటానికి అందరూ చాలా కష్టపడ్డారు.

ఫిబ్రవరి 10

మా ఆఫీసు సర్వర్ తను చేసే ప్రతి పనినీ ఒకచోట రాసి పెట్టుకుంటుంది. ఏదైనా చెడిపోతే తప్ప ఎవరూ దాన్ని తెరిచి చూడరు. ఈ డైరీ కూడా అలాంటిదే.

మా ఆయన కుర్చీ తీసేశారు, బల్ల మాత్రం అలాగే ఉంది. సొరుగులో టీ కప్పు ఉంది, అడుగున ఎండిపోయిన మరకతో. కప్పు కడగకుండా సొరుగులో పెట్టేయడం నాకు ఒళ్ళు మండే విషయాల్లో ఒకటి. ఎన్నిసార్లు పోట్లాడానో. ఇవాళ ఒళ్ళు మండలేదు. సొరుగు మూసేశాను.

ఫిబ్రవరి 12

మేనేజర్ పిలిచాడు. హెడ్డాఫీసు వాళ్ళు అన్ని కోల్డ్ స్టోరేజ్ యార్డులకీ కలిపి ఒకటే క్యూ ప్లగిన్ కొన్నారట. మార్చి ఇరవైకల్లా ఆయన రాసినది తీసేసి ఆ కొత్తది పెట్టాలి. మీకు కష్టమైతే ఇంకొకరికి ఇస్తానన్నాడు, పెన్ను తిప్పుతూ, నా మొహం వైపు చూడకుండా. కష్టమేముంది అన్నాను. నిజంగానే కష్టమేముంది? మా సర్వర్ ఉన్నదే అందుకు. నడుస్తూ ఉండగానే ఒక ప్లగిన్‌ని దించి ఇంకోటి ఎక్కించొచ్చు. సర్వర్ ఆగదు, కింద యార్డులో లారీలకి తెలియను కూడా తెలియదు.

ఆయన ప్లగిన్ అనేవాడు కాదు, ముక్క అనేవాడు. నీ ముక్క, నా ముక్క. ఆయనది క్యూ ముక్క: లారీ గేటు దాటగానే వంతు ఎప్పుడో డ్రైవరు ఫోన్‌కి మెసేజ్ పంపుతుంది. నాది రిపోర్టుల ముక్క: ఏ లారీ ఎంతసేపు నిలబడిందో సాయంత్రానికల్లా లెక్క తేలుస్తుంది. సర్వర్‌లో రెండూ పక్కపక్కనే. మేమూ అంతే.

ఆయన మెసేజ్‌లు కొన్ని మళ్ళీ చదివాను. "బాబాయ్, నీ ముందు నలుగురున్నారు. కునుకు తీయి, నేను లేపుతాను." "లే బాబాయ్, మూడో గేటు. దుప్పటి మడతపెట్టి రా." ఇలా రాయకూడదని మేనేజర్ రెండుసార్లు చెప్పాడు. చెప్పినప్పుడల్లా రెండు రోజులు బుద్ధిగా రాసి, మూడో రోజు మళ్ళీ మొదటికి వచ్చేవాడు. డ్రైవర్లందరికీ ఆయన పేరు బాబాయ్ అయిపోయింది. చాలామంది ఆయన్ని చూడనే లేదు.

ఫిబ్రవరి 13

అత్తయ్య ఇవాళా తినలేదు. కంచం ముందు కూర్చుంది, అన్నం కెలికింది, లేచింది. నేను మాత్రం ఏం తిన్నాను గనక.

"చెప్పకుండా వెళ్ళాడు" అంది మళ్ళీ. రోజూ ఇదే మాట.

రోజూ గుమ్మంలో నిలబడి ఒక చెప్పు తొడుక్కుని, "వెళ్ళొస్తానమ్మా" అని కేకేసేవాడు. ఆవిడ ఇంట్లో ఏ మూలనున్నా "వెళ్ళిరా నాన్నా" అన్నాకే రెండో చెప్పు. ఆ రోజు గేటు దగ్గర క్యూ ఇరుక్కుపోయిందని ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. అత్తయ్య స్నానానికి వెళ్ళింది. రెండు చెప్పులూ ఒకేసారి తొడుక్కుని వెళ్ళిపోయాడు. ఆఫీసు మెట్ల మీదే పడిపోయాడు. గుండె. నేను తర్వాతి బస్సులో వెళ్ళేసరికి మెట్ల మీద ఎవరూ లేరు, ఒక చెప్పు ఉంది.

తను "వెళ్ళిరా" అని ఉంటే తిరిగి వచ్చేవాడని అత్తయ్య నమ్మకం. పైకి అనదు. నాకు తెలుసు.

నేను వెళ్ళేటప్పుడు చెప్పడం మానేశాను. ఆ మాట అంటే ఆవిడ మొహం చూడలేను. చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి లాగి దిగిపోతున్నాను, దొంగలా.

ఫిబ్రవరి 16

ఆయన ముక్కలో ఒక చిన్న మార్పు చేయాల్సి వచ్చింది, పాత వివరాలు కొత్తదానికి అప్పగించడానికి. పదకొండింటికి దించి ఎక్కించాను. సర్వర్ కన్ను కూడా ఆర్పలేదు.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య తల దువ్వుకుని ఉంది. మధ్యాహ్నం తినేసిందట, కంచం కడిగి బోర్లించి ఉంది. కిటికీ దగ్గర ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆడపడుచు ఫోన్ చేసి ఉంటుంది. నేను చెబితే వినదు, కూతురు చెబితే వింటుంది. పోనీలే, ఎవరు చెబితేనేం.

ఫిబ్రవరి 17

మార్పులేమీ లేవు. అత్తయ్య తినలేదు.

ఫిబ్రవరి 19

ఇంకో మార్పు, మళ్ళీ దించి ఎక్కించాను. అత్తయ్య రాత్రికి కూర వండింది. "ఇవాళ పని బాగా జరిగిందా?" అని అడిగింది. ఈ ఇంటికి వచ్చి ఇన్నేళ్ళయింది, నా పని సంగతి ఆవిడ అడగడం ఇదే మొదలు. అప్పుడు చెప్పాను, మా పనంటే నడుస్తున్న రైలుకి ఒక పెట్టె విప్పి ఇంకో పెట్టె తగిలించడం లాంటిదని. విప్పిన పెట్టె ఏమవుతుందని అడిగింది. దాన్ని పట్టుకున్నవాళ్ళందరూ వదిలేశాక మాయమైపోతుందన్నాను. తలూపింది.

ఫిబ్రవరి 23

ఆయన ముక్కని మొదటి వరుస నుంచీ చదవడం మొదలుపెట్టాను. ఇంతకాలం నాకు కావలసిన చోట్ల మాత్రమే తెరిచి, మిగతాది చూడకుండా మూసేస్తున్నాను.

ప్రతి ముక్కా ఎక్కగానే ఒక పరీక్ష మెసేజ్ పంపుతుంది, దారి బాగుందో లేదో తెలుసుకోవడానికి. మేమందరం మా మా నంబర్లే పెట్టుకున్నాం. నాది నా ఫోన్‌కే వస్తుంది. ఆయనది కూడా ఆయన ఫోన్‌కే వస్తుందనుకున్నాను. కాదు. అత్తయ్య నంబరుకి.

మెసేజ్: "చేరానమ్మా."

రోజూ ఆఫీసుకి రాగానే ఆ పూట కొత్త చమత్కారం ఒకటి రాసి ముక్కని దించి ఎక్కించేవాడు. డ్రైవర్ల కోసం ఇంత పిచ్చేమిటని వెక్కిరించేదాన్ని. అదన్నమాట సంగతి. జేబులోంచి ఫోన్ తీసి తల్లికి నాలుగక్షరాలు పంపొచ్చు కదా? పంపడు. ఒక పని చేస్తుంటే పక్కనే ఇంకో పని దానంతట అదే అయిపోవాలి ఆయనకి. బద్ధకానికి కూడా ఇంత తెలివి ఖర్చుపెట్టే మనిషిని నేను చూడలేదు.

అంటే పదహారో తారీకునా, పందొమ్మిదినా ఆవిడకి వచ్చింది. పోయిన కొడుకు దగ్గర్నుంచి. నేనే పంపాను.

అందరూ కాంటీనుకి వెళ్ళాక బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఇంటికెళ్ళి ఏమీ అడగలేదు. ఆవిడా ఏమీ చెప్పలేదు.

ఫిబ్రవరి 24

దించి ఎక్కించాను. మార్పేమీ లేదు. ఎక్కించడం సరిగా జరుగుతోందో లేదో చూడాలి కదా.

ఫిబ్రవరి 25

మళ్ళీ చూశాను. సరిగానే జరుగుతోంది.

ఫిబ్రవరి 26

మళ్ళీ.

మార్చి 2

ఇది అబద్ధం ఎలా అవుతుంది? ఆ మాట ఆయన రాసిందే. ఆ నంబరు ఆయన పెట్టిందే. నేను మీట నొక్కుతున్నాను, అంతే. ఆవిడ రెండు పూటలా కూర్చుని తింటోంది. పక్కింటావిడతో మాట్లాడుతోంది. మందుల వల్ల కానిది ఒక మెసేజ్ వల్ల అయితే తప్పేముంది? ఒక్కో రోజు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పంపుతున్నాను. మధ్యాహ్నం పూట ఆవిడకి తోచదు.

నాకూ ఈమధ్య ఆకలేస్తోంది. ఎండలు ముదురుతున్నాయి కదా, అందుకేమో.

మార్చి 3

గడియారం నా బల్ల దగ్గరికి వచ్చాడు. సర్వర్ ఆరోగ్యం చూసుకునే కుర్రాడు. వచ్చే వేళ, పోయే వేళ, టీ వేళ తప్పడని ఆ పేరు మా ఆయన పెట్టిందే. అతని తెర మీద సర్వర్ మెమరీ గీత మెట్లు మెట్లుగా పైకి పోతోందట.

"అక్కా, మీరు క్యూ ముక్క ఎక్కించినప్పుడల్లా ఒక మెట్టు ఎక్కుతోంది. దిగట్లేదు. పాతవేవీ వెళ్ళట్లేదు."

పరీక్షలు చేస్తున్నానని చెప్పాను. ఇన్నా అని అడిగాడు. కొత్తది రాబోతోంది కదా, జాగ్రత్త పడాలి అన్నాను. నేను ఇంత చక్కగా అబద్ధం ఆడగలనని తెలియదు.

మార్చి 5

జ్వరం. వెళ్ళలేదు. అత్తయ్య నుదుటి మీద తడిగుడ్డ వేసింది. "ఇవాళ నువ్వు వెళ్ళలేదుగా" అంటూ ఫోన్ తీసుకెళ్ళి గూట్లో పెట్టేసింది. తర్వాత నా పక్కనే పడుకుంది.

మార్చి 9

ఇవాళ ఒళ్ళు మండింది. బాగా మండింది.

పాత ముక్కలు ఎందుకు వెళ్ళట్లేదో చూద్దామని కూర్చున్నాను. ఆయన ముక్క చివర, అన్నీ సర్దుకుని వెళ్ళిపోయే ముందు నడవాల్సిన చోట, ఇంకో మెసేజ్ ఉంది. అదే నంబరుకి.

"వెళ్ళొస్తానమ్మా."

దాని పక్కన ఆయన తనకోసం రాసుకున్న మాట: "ఇది ఇంతవరకూ ఒక్కసారీ వెళ్ళలేదు. ఎవరో పట్టుకుని ఉన్నారు. తర్వాత చూడాలి."

తర్వాత చూడాలి. ఈ మనిషి బతుకంతా తర్వాత చూడాలే. కారే కుళాయి తర్వాత, ఛాతీలో మంటగా ఉందంటే డాక్టరు తర్వాత. ముక్కని పట్టుకున్నవాళ్ళందరూ వదిలితేనే ఆ చివరి మాట నడుస్తుంది. ఎవరు పట్టుకున్నారో వెతకడానికి ఒక పూట చాలు. ఆ ఒక్క పూట కుదరలేదు. చమత్కారాలు రాయడానికి మాత్రం రోజూ కుదిరింది. దించిన ముక్క ప్రతిదీ వెళ్ళే మాట చెప్పకుండా సర్వర్‌లో ఎక్కడో పడి ఉంటోంది. ఆయన ఉన్నప్పుడు నెలకోసారి, లారీలు లేని వేళ చూసి, ఆ పొద్దున ముక్కకి బదులు సర్వర్‌నే ఆపి లేపేవాడు, పాతవన్నీ పోయేవి; ఆయన పోయాక ఆ పని ఎవరూ చేయలేదు. ఇంట్లోనూ అదే చేశాడు, ఆఫీసులోనూ అదే చేశాడు. చెప్పకుండా పోయాడు, చెప్పే మాట రాసి పెట్టుకుని మరీ చెప్పకుండా పోయాడు.

ఇంత కోపం వచ్చినా పొద్దున ఎక్కించడం మాత్రం మానలేదు. అదీ రాసుకోవాలి కదా.

మార్చి 11

సర్వర్ పడిపోయింది.

పొద్దున ఒకసారి ఎక్కించాను. మధ్యాహ్నం అత్తయ్యకి తోచదు కదా అని రెండోసారి ఎక్కించాను. కాసేపటికి గడియారం లేచి నిలబడ్డాడు. అతను టీ వేళ కాకుండా లేవడం ఎప్పుడూ చూడలేదు. ఆపకుండా నడపాల్సిన సర్వర్‌ని ఆపి మళ్ళీ నడిపేసరికి యార్డు అంతా లారీలు, హారన్లు.

సాయంత్రం చేపల లారీ డ్రైవరు మెట్లెక్కి పైకి వచ్చాడు. పెద్దవాడు, లుంగీ కట్టుకుని, ఫోన్ చేతిలో పట్టుకుని. పోట్లాటకి వచ్చాడనుకుని లేచాను. పోట్లాడలేదు. ఫోన్ నాకు చూపించాడు. "కునుకు తీయి, నేను లేపుతాను" అన్న మెసేజ్. ఆ మాట నమ్మి ఇంజను ఆపి పడుకున్నాడట. లేపే మెసేజ్ రాలేదు. లేచేసరికి లోపల మంచు కరిగిపోయింది, సగం సరుకు పారబోయాలి.

"బాబాయ్ ఎప్పుడూ లేపుతాడమ్మా. ఇవాళేమైంది? ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు.

లేడని చెప్పలేకపోయాను. తప్పు మాదే, నష్టం ఎంతో రాసుకుని పైకి పంపుతామన్నాను. కిందికి వెళుతూ "బాబాయ్‌ని ఏమీ అనొద్దమ్మా" అని చెప్పి వెళ్ళాడు.

సర్వర్ మళ్ళీ లేచినప్పుడు ముక్కలన్నీ ఎక్కాయి కనక అత్తయ్యకి ఇంకోసారి "చేరానమ్మా" వెళ్ళి ఉంటుంది. ఇవాళ మూడోసారి. ఏమనుకుని ఉంటుందో.

మార్చి 12

మీటింగ్. మేనేజర్ అన్నాడు: "పోయినాయన్ని అనకూడదు గానీ, ముక్క పాతవాటిని వదలకపోతే ఇదే అవుతుంది. ఇంత నిర్లక్ష్యమా?"

ఎవరు ఎప్పుడు ఎక్కించారో సర్వర్ రాసి పెట్టుకుంటుంది. గడియారం దగ్గర అది ఉంది. అతను నా వైపు చూశాడు, ల్యాప్‌టాప్ మూత దించాడు.

నేను అన్నాను: "అవునండీ, ఆయన తర్వాత చూద్దామనుకున్నారు. చూడలేదు."

ఇలా అన్నాను. నా నోటితోనే అన్నాను. ఇరవయ్యో తారీకు వరకూ క్యూ ముక్కని ఎవరూ ముట్టుకోవద్దని మేనేజర్ చెప్పాడు.

మార్చి 13

గడియారం నన్ను టీకి పిలవలేదు.

మార్చి 14

అన్నం సహించలేదు. అత్తయ్యా తినలేదు.

మార్చి 16

దొరికింది.

సర్వర్ మెమరీ మొత్తాన్నీ ఒక ఫోటోలా తీసి, ఆయన ముక్కని ఎవరు పట్టుకున్నారో ఒక్కో ముడీ విప్పుకుంటూ వెనక్కి వెళ్ళాను. సర్వర్ కాదు. మెసేజ్‌లు మోసేది కాదు. ఆయన కాదు. చివరి ముడి నా రిపోర్టుల ముక్క దగ్గర తేలింది.

ఆయన ముక్క ఎక్కగానే నాది దాన్ని తన పట్టీలో రాసుకుంటుంది, ఏ లారీ ఎంతసేపు నిలబడిందో అడగడానికి. అది దిగేటప్పుడు పట్టీలోంచి కొట్టేయాలి. కొట్టేసే వరుస నేను రాయనే లేదు. ఆయన ముక్క ఎప్పుడూ ఉంటుంది కదా, కొట్టేయడం ఎందుకు అనుకున్నట్టున్నాను. రాసినప్పుడు ఏమనుకున్నానో ఇప్పుడు గుర్తు లేదు.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఇన్నాళ్ళూ ఆయన్ని తిట్టాను. పట్టుకున్నది నేనే. వదలనిది నేనే.

మార్చి 17

మేనేజర్‌కి అంతా చెప్పాను. తప్పు నా ముక్కలో ఉందనీ, అవసరం లేకుండా ఎక్కించిందీ నేనేననీ. ఎందుకు ఎక్కించారని అడిగాడు. చెప్పలేనన్నాను. చాలాసేపు పెన్ను తిప్పాడు. మీటింగ్‌లో అన్న మాట అందరి ముందూ మళ్ళీ సరిచేయాలి, ఆయన తప్పు కాదని మీరే చెప్పాలి అన్నాను. సరేనన్నాడు. నా మీద ఏం రాస్తాడో రాసుకోనీ.

బయటికి వస్తుంటే గడియారం ఎదురొచ్చాడు. "టీ చల్లారిపోతోంది అక్కా" అన్నాడు.

మార్చి 18

హెడ్డాఫీసు వాళ్ళ కొత్త ముక్కలో మాటలు మార్చడానికి లేదు. టోకెన్ నంబరు, గేటు నంబరు, అంతే. పరీక్ష మెసేజ్ కూడా వాళ్ళకే వెళుతుంది. అందుకని పొద్దున ఒక చిన్న ప్రోగ్రాం రాశాను, రోజూ పదకొండింటికి అత్తయ్యకి "చేరానమ్మా" అని పంపేది. పది వరుసలు కూడా లేదు. రాసి, దాని వైపు చూస్తూ కూర్చున్నాను. ఇన్నాళ్ళూ మీట మాత్రమే నాది, మాట ఆయనది. ఇది మాత్రం పూర్తిగా నాదవుతుంది. ఆయన పేరు పెట్టుకుని నేను మాట్లాడటం అవుతుంది. చెరిపేశాను.

పెందలాడే ఇంటికి వచ్చేశాను. అత్తయ్య మంచం మీద ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఎదురుగా కూర్చుని మొదలుపెట్టాను.

"అత్తయ్యా, మీ ఫోన్‌కి మెసేజ్‌లు వస్తున్నాయి కదా."

"నువ్వు పంపుతున్నావుగా" అంది, మడత ఆపకుండా.

నా ముందున్న తువ్వాలు లాక్కుని మడతపెట్టింది.

"ఆదివారాలు రాలేదు. నీకు జ్వరం వచ్చిన రోజు రాలేదు. ముసలిదాన్నే గానీ ఆ మాత్రం తెలియదటే? వాడు రోజుకి ఒకసారే చేరేవాడు. నువ్వు రెండుసార్లు చేరుతున్నావు."

మరి నన్నెందుకు అడగలేదన్నాను. మొదటి రోజు భయపడిందట, అయినా వాడేననుకుని లేచి తిందట. రెండో రోజు ఏడ్చిందట. మూడో రోజుకి అర్థమైందట.

"అడిగితే మానేస్తావని ఊరుకున్నాను. నాకోసం కాదే. అది వచ్చిన రోజు నువ్వు ఇంటికొచ్చి కంచం ఖాళీ చేస్తున్నావు. రాని రోజు నీళ్ళు తాగి పడుకుంటున్నావు. నువ్వు తింటున్నావు కదా అని నేనూ కూర్చుని తిన్నాను."

ఆవిడ తింటోందని నేను పంపుతున్నాను. నేను తింటున్నానని ఆవిడ తింటోంది. ఒకే ఇంట్లో ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఒకరి కంచంలోకి ఒకరం చూసుకుంటూ ఇన్ని రోజులు గడిపాం. ఆ మడతపెట్టిన బట్టల మీదే పడి ఏడ్చాను. ఆవిడా ఏడ్చింది. ఆయన పోయాక ఇద్దరం కలిసి ఏడవడం ఇదే మొదటిసారి.

కళ్ళు తుడుచుకున్నాక చెప్పాను. శుక్రవారం ఆ ముక్కని తీసేస్తున్నాను, ఇక ఆ మెసేజ్‌లు రావు. కానీ తీసేటప్పుడు ఇంకొకటి రావాలి, ఇన్నాళ్ళూ రాకుండా ఇరుక్కుపోయింది.

"అదీ నువ్వు రాసిందేనా?"

"కాదు, ఆయన రాసిందే."

అందులో ఏముందని అడగలేదు. ఎన్నింటికి వస్తుందని మాత్రం అడిగింది. పదకొండింటికి అన్నాను. వస్తే, అని కూడా అన్నాను. పరీక్షించుకోవడానికి వాడే వేరే సర్వర్ నుంచి మెసేజ్‌లు బయటికి పోవు, కనక అది నిజంగా వెళుతుందో లేదో నేను చూసి ఎరగను. ఆయనా ఎరగడు.

మార్చి 20, శుక్రవారం

పొద్దున నేను లేచేసరికే అత్తయ్య స్నానం అయిపోయింది. తల తడిగా ఉంది.

పదకొండింటికి యార్డులో లారీలు తక్కువ. ముందు నా రిపోర్టుల ముక్కని దించి, కొట్టేసే వరుస కలిపిన కొత్తదాన్ని ఎక్కించాను. కొత్త క్యూ ముక్కని ఎక్కించి, వచ్చే లారీలన్నిటినీ దానివైపు మళ్ళించాను. ఆయన ముక్క దగ్గర ఇక ఒకే ఒక్క లారీ మిగిలింది. అది గేటులోకి వెళ్ళేదాకా ఆగాను. "లే బాబాయ్, రెండో గేటు" అని దానికి వెళ్ళింది. ఆ మాట ఇక ఎవరికీ వెళ్ళదు.

ఆ తర్వాత ఆయన ముక్కని దించాను.

మీట నొక్కడానికి చాలాసేపు పట్టింది. నొక్కాక ఏమీ కాలేదు. సర్వర్ అలాగే నడుస్తోంది, ఫ్యాన్లు అలాగే తిరుగుతున్నాయి. గడియారం తన తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి "దిగింది అక్కా" అన్నాడు. ఒక మెట్టు కిందికి దిగింది, గీత సమంగా సాగింది.

మెసేజ్ అత్తయ్య ఫోన్‌కి చేరిందో లేదో నాకు తెలిసే దారి లేదు. అత్తయ్యకి ఫోన్ చేద్దామని రెండుసార్లు తీసి పెట్టేశాను. రాకపోయి ఉంటే? రాలేదని ఆవిడ నోటితో వినాలి. సొరుగులోంచి కప్పు తీసి కడిగాను. మరక పోలేదు. బాగా రుద్దాను, సగం పోయింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి వీధి తలుపు తీసే ఉంది. అత్తయ్య గుమ్మంలో ద్వారబంధానికి ఆనుకుని కూర్చుంది. పది దాటినప్పటి నుంచీ అక్కడే ఉందట. నన్ను చూడగానే ఫోన్ చేతిలో పెట్టింది. ఉంది. నేను ఎక్కించిన "చేరానమ్మా"లన్నిటి కింద, ఒకే ఒక్కటి.

రాగానే రెండుసార్లు చదివిందట. అద్దాలు తుడుచుకుని ఇంకోసారి చదివిందట. ఆ తర్వాత లేచి నిలబడి, వీధిలోకి చూస్తూ, పైకే అందట: "వెళ్ళిరా నాన్నా."

పక్కింటావిడ విని, ఎవరు వెళ్ళారని అడిగిందట. మా అబ్బాయి అని చెప్పిందట.

ఇద్దరం అన్నం తిన్నాం. ఎవరి కంచంలోకి వాళ్ళం చూసుకుని.

మార్చి 23, సోమవారం

చేపల లారీ డ్రైవరు మళ్ళీ వచ్చాడు, టోకెన్ నంబరు చూపించి ఇదేమిటని అడిగాడు. ఈసారి చెప్పాను. మెట్ల మీదే కూర్చుండిపోయాడు. ఆ మెట్ల మీదే.

దానికంటే ముందు రాయాల్సింది పొద్దున్నే జరిగింది. బస్సు వేళయింది. అత్తయ్య స్నానానికి వెళ్ళింది. ఎప్పటిలాగే చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి లాగబోయాను. లాగలేదు. ఒక చెప్పు తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాను. లోపల నీళ్ళ చప్పుడు ఆగేదాకా నిలబడ్డాను. ఆవిడ తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి నా బస్సు వీధి చివర మలుపు తిరుగుతోంది.

"వెళ్ళొస్తాను అత్తయ్యా" అన్నాను.

ఆవిడ నా కాళ్ళ వైపు చూసింది. తువ్వాలు చేతిలోనే ఉండిపోయింది.

"వెళ్ళిరా అమ్మా" అంది.

రెండో చెప్పు తొడుక్కున్నాను.